పాటపెట్టెలోని బ్యాటరీ – దాని పోషణ



నేటి రాత్రి నేను ముచ్చటింపబోవు వస్తువు మిక్కిలి చిన్నది. అగ్గిపెట్టెకన్న కొంచెము పెద్దది, చొక్కా జేబులో ఇముడునది. దానిని మా యింట పాటపెట్టె అందురు. దుకాణములవారు దానికి పెట్టిన పేరు వేఱు. కాని పాటలు పాడు పెట్టెకు పాటపెట్టె యనుటకన్న తగిన పేరు నాకు తోచుటలేదు. ఈ పెట్టెకు ఆహారము బ్యాటరీ. ఆ బ్యాటరీని ఎట్లు కాపాడుకొనవలెనో చెప్పుట నా పని. ఇది నాకు పుస్తకములవలన తెలిసినదానికన్న, నేను చేసిన తప్పువలన తెలిసినదే యెక్కువ. కావున ముందుగా ఆ తప్పును చెప్పుకొందును.

మా అక్కయ్యకు ఎనుబదిరెండు సంవత్సరములు. చిక్కడపల్లిలో మా యింటికి రెండు వీధుల కావల కుమారునియొద్ద నున్నది. నీటికాసుల వ్యాధివలన ఏడేండ్ల క్రిందట ఆమె చూపు పూర్తిగా పోయినది. చూపు పోయినవారికి పగలు ఎవరో ఒకరు తోడుందురు, రాత్రి యెవరుందురు? ఆమెకు నిద్ర రాదు. అందుచేత మేనల్లుడు ఒక పాటపెట్టె కొని తెచ్చి, అందులో నాలుగువందల పాటలు నింపి యిచ్చినాడు. ఆ నాలుగువందలలో మూడు పాటలు మా అమ్మ పాడినవి. 1984వ సంవత్సరమున మా యింట పెండ్లియొకటి జరిగినప్పుడు ఆమె పాడిన మంగళహారతులను టేపురికార్డరుపై పట్టితిమి. ఆ టేపు తరువాత బూజు పట్టి పనికిరాకుండ పోయినది. అదృష్టవశమున అంతకుముందే ఎవరో దానిని ఈ కాలపు పద్ధతికి మార్చియుంచిరి. మార్చినవారి యంత్రము చెడిపోయినది. తుదకు ఆ మూడు పాటలు ఈ పెట్టెలో తప్ప మరెక్కడను లేకపోయినవి. ఈ సంగతి ఆ పెట్టె చెడిపోవువరకు మాలో ఎవ్వరికిని తట్టలేదు.

నేను ముప్పది సంవత్సరములు కళాశాలలో భౌతికశాస్త్రము బోధించినవాడను. కావున మా అక్కయ్యకు విద్యుచ్ఛక్తిని గూర్చి నేనేది చెప్పినను వేదవాక్యము. పెట్టె వచ్చిన మొదటి దినముననే నేను ఆమెకు రెండు నియమములు చెప్పితిని. మొదటిది, బ్యాటరీ పూర్తిగా ఆరిపోవువరకు ఛార్జి చేయరాదు. రెండవది, ఛార్జి చేసినప్పుడు రాత్రియంతయు చేసి నిండుగా నింపవలెను. ఆమె ఆ నియమములను ఏకాదశీ వ్రతమువలె పాటించినది. రెండేండ్లు గడచినవి. ఒకనాటి యుదయమున ఫోనులో ఆమె కంఠము వినబడినది: "ఒరేయ్ తమ్ముడూ, అమ్మ పాట మధ్యలో ఆగిపోతోందిరా. రాత్రి రెండు గంటలు కూడా పాడటంలేదు."

వెళ్లి చూచితిని. పెట్టె వెనుకనున్న మూత ఒక ప్రక్క లేచి, పొంగిన పూరీవలె నున్నది. దిండు క్రింద ఉంచియే ఛార్జి చేయుచున్నారట. నాకు గుండె జల్లుమన్నది.

పెట్టెను తీసికొని చిక్కడపల్లి మెట్రో స్టేషనులో రైలెక్కితిని. జూబ్లీ బస్ స్టాండునుండి మహాత్మాగాంధీ బస్ స్టాండువరకు పోవు ఈ మార్గము 2020వ సంవత్సరము ఫిబ్రవరి 7వ తేదీన ప్రారంభమైనది. నారాయణగూడ దాటగానే సుల్తాన్ బజారు. నా చిన్నతనములో ఈ దూరమును నడిచియే పోయెడివారము. ఆ బజారు బ్రిటిషు రెసిడెన్సీని ఆనుకొని పెరిగినది. అందుచేత దానిని పెద్దవారు రెసిడెన్సీ బజారనెడివారు. 1901లో నెలకొల్పిన శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయము ఇచ్చటనే యున్నది. నేను అచ్చట పుస్తకములు చదువుకొని, తిరిగి వచ్చునప్పుడు మా నాన్నగారి రేడియోకు బ్యాటరీలు కొని తెచ్చుచుండెడివాడను. నేడు ఆ బ్యాటరీలకోసమును, వాటికి సంబంధించిన సమస్త సామగ్రికోసమును జనులు దగ్గరనే యున్న గుజరాతీ గల్లీకి పోవుదురు. ఇద్దరు మనుష్యులు ఎదురెదురుగా వచ్చిన ఒకరు ప్రక్కకు తొలగవలసినంత యిరుకైన త్రోవ. ఇరుప్రక్కల తీగలు, తెరలు, చెవిగొట్టములు తోరణములవలె వ్రేలాడుచుండును.

మొదటి దుకాణములో పెట్టెను చూచి, "పారేయండి, కొత్తది తీసుకోండి" అన్నారు. కొత్తదానిలో మా అమ్మ పాట యెక్కడినుండి వచ్చును? రెండవచోట నొక పిల్లవాడు, ఇరువదియేండ్లుండును, మోకాలిపై బల్ల పెట్టుకొని కూర్చుండి యున్నాడు. పెట్టెను చేతికి తీసికొనలేదు. చూచి, "ఉబ్బింది సార్. ఇంక ఛార్జింగ్ పెట్టకుండ్రి" అన్నాడు. ఎట్లు వాడుచుంటిరని యడిగినాడు. నేను నా రెండు నియమములను వివరించితిని. అతడు తల యెత్తి, "ఎవలు చెప్పిండ్రు సార్ మీకు?" అని యడిగినాడు. నేను కళాశాలలో పాఠము చెప్పినవాడనని అతనితో చెప్పలేదు.

ఇంతకు నా నియమములు నాకెక్కడ దొరకినవి? అవి పూర్తిగా కల్పితములు కావు. ఒక కాలమున, ఒక జాతి బ్యాటరీకి చెల్లినవే. నేను చేసిన తప్పు, ఆ జాతి పోయినదని గమనింపకపోవుట.

బ్యాటరీలలో జాతులు కలవు. మొట్టమొదట మన యిండ్లకు వచ్చినది పొడి ఘటము. ఫ్రెంచివాడైన లెక్లాంషే 1866లో కనిపెట్టిన తడి ఘటమునుండి అది పుట్టినది. జింకు డబ్బా, నడుమ బొగ్గు కడ్డీ, చుట్టును మాంగనీసు డయాక్సైడు నల్లపొడి, నవాసాగరము కలిపిన ముద్ద. జింకు కరగుచుండగా విద్యుత్తు పుట్టును. జింకు కరగిపోయిన పిమ్మట దానికి పునర్జన్మ లేదు. అమెరికాలో బెల్ ప్రయోగశాలవారు 1947 డిసెంబరులో ట్రాన్సిస్టరును చేసి చూపువరకు రేడియోలు చాలమట్టుకు గాజు గొట్టములతో పనిచేసినవి. ఆ గొట్టములను కాగబెట్టుటకు ఒక బ్యాటరీ, వాటిలో ప్రవాహము నడపుటకు తొంబది వోల్టుల బరువైన బ్యాటరీ మరియొకటి కావలసి యుండెను. 1954 అక్టోబరులో అమెరికాలో వెలువడిన మొదటి ట్రాన్సిస్టరు జేబు రేడియోతో ఆ భారము తీరినది. ట్రాన్సిస్టరు గొట్టమువలె కాగనక్కరలేదు గదా! తరువాతి కాలమున మన పల్లెలలో పొలము గట్టున, అరుగుమీద, మగ్గముప్రక్కన రేడియో పాడినదన్న, ఆ పొదుపువలననే.

ఆ కాలపు పొడి ఘటములను మనవారు పొదుపు చేసిన తీరులు శ్రోతలలో పెద్దవారికి జ్ఞాపకముండును. ఘటము నీరసించగానే రేడియోనుండి తీసి యెండలో ఆరబెట్టెడివారు. వడియములప్రక్కన బ్యాటరీలు! సాయంకాలము తిరిగి వేసిన వార్తలవరకు పాడెడిది. దీనిని మూఢాచారమని నవ్వరాదు. ఎండ వేడిమికి లోపలి రసాయనచర్య చురుకుదేరును, లోని నిరోధము తగ్గును. అంతసేపు పని మాని విశ్రాంతి పొందుటవలన బొగ్గు కడ్డీచుట్టును పేరుకొన్న అడ్డంకి కొంత తొలగును. అయితే ఘటమునకు క్రొత్త బలమేమియు రాదు. మిగిలియున్న కొంచెమును తీసికొనుట మాత్రమే జరుగును. ఆ వేడిమికే పలుచబడిన జింకు చిల్లులు పడి, లోని రసము కారి, రేడియో స్ప్రింగులను తుప్పు పట్టించెడిది. కొందరు ఘటమును పంటితో కొరికి చూచెడివారు. దానికి శాస్త్రమునందు నాకే ఆధారమును దొరకలేదు.

1979 జూలై 1వ తేదీన జపానులో సోనీవారి వాక్‌మన్ అమ్మకమునకు వచ్చినది. రెండు పెన్సిలు ఘటములతో అది నడిచెడిది. అందు పాట పాడుటకన్న టేపును త్రిప్పు మోటారుకే ఖర్చెక్కువ. ముందుకు వెనుకకు టేపు త్రిప్పుట బ్యాటరీకి మరింత భారము. కావుననే నా విద్యార్థులు కాసెట్టును బయటికి తీసి, దాని పండ్లచక్రములో పెన్సిలు దూర్చి, గాలిలో గిరగిర త్రిప్పి వెనుకకు తెచ్చుకొనెడివారు. వసతిగృహముల వసారాలలో ఈ దృశ్యము సర్వసామాన్యము. ఇంతకన్న చక్కని విద్యుత్పొదుపును నేను తరగతిలో నేర్పలేకపోయితిని.

తిరిగి ఛార్జి చేసికొనదగిన చిన్న ఘటములలో మనకు మొదట పరిచయమైనవి నికెలు-కాడ్మియము ఘటములు. ఇవి స్వీడను దేశీయుడైన యుంగ్నర్ 1899లో చేసిన పరిశోధనకు సంతానము. వీటికొక విచిత్రగుణము కలదు. ప్రతిదినము సగము మాత్రమే వాడి మరల నింపుచుండిన, కొంతకాలమునకు ఆ సగము దాటగానే వోల్టులు పడిపోవును. ఘటము తన పాత అలవాటును జ్ఞాపకముంచుకొన్నదా యన్నట్లుండును. అప్పుడప్పుడు పూర్తిగా ఖాళీ చేసి నింపిన ఆ జాడ్యము కుదురును. ఇదే నా నియమమునకు మూలము. నేను 1980 ప్రాంతమున నేర్చినదానిని నలుబదియేండ్ల తరువాత, వేఱొక జాతి ఘటమునకు విధించితిని.

నేటి పాటపెట్టెలలో నున్నది లిథియము ఘటము. దీనిని 1991లో సోనీవారు మొదట విపణికి తెచ్చిరి. దీనికి కారకులైన గుడెనఫ్, విటింగ్‌హామ్, యోషినో అను మువ్వురకు 2019లో రసాయనశాస్త్రపు నోబెలు బహుమానము లభించినది. ఇందు లిథియము అణువులు విద్యుదావేశముతో ఒక ఫలకమునుండి వేఱొక ఫలకమునకు పోవుచు వచ్చుచుండును. ఊయలవలె అనుకొనుడు. అవి దూరినప్పుడు ఫలకము కొంచెము ఉబ్బును, వెడలినప్పుడు కుంచించును. పూర్తిగా నింపి పూర్తిగా ఖాళీ చేయుట, ఊయలను ప్రతిసారి దూలమును తాకునట్లు ఊపుటవంటిది. త్రాళ్లు అరిగిపోవును. మధ్యగా ఊపిన చిరకాలము మన్నును. ఈ ఘటమునకు పాత అలవాటు జ్ఞాపకముంచుకొను జబ్బు లేదు. ఎప్పుడు కావలసిన అప్పుడు, ఎంత కావలసిన అంత నింపవచ్చును.

నిండుగా నున్నప్పుడు ఈ ఘటము 4.2 వోల్టులయొద్ద నుండును. ఖాళీయైనప్పుడు సుమారు మూడు వోల్టులకు దిగును. ఈ రెండు కొనలును దానికి సుఖమైన చోట్లు కావు. పై కొనయొద్ద, అందులోను వేడిమిలో, లోపలి ద్రావకము విరిగి వాయువులు పుట్టును. మా అక్కయ్య పెట్టె మూతను లేపినవి ఆ వాయువులే. క్రింది కొనను దాటి చాలదినములు ఊరక యుంచిన, లోపలి రాగి రేకు కరగి, మరల నింపునప్పుడు ప్రమాదము కలుగవచ్చును. ఇట్లు జరుగకుండ చిన్న రక్షణ పలక యొకటి ఘటమునకు అతికించి యుందురు. ఆ పలక నన్ను నా నియమములనుండి రెండేండ్లు కాపాడినది.

కావున వాడుకలో నున్న పెట్టెకు నూటికి ఇరువదికి తగ్గకముందే ఛార్జి పెట్టుట, ఎనుబది దాటగానే తీసివేయుట మంచిది. లెక్క తప్పినంతమాత్రమున కొంప మునుగదు. ప్రయాణమున్ననాడు నిండుగా నింపుకొనవచ్చును. నిండిన దానిని రాత్రులు రాత్రులు తీగకు కట్టియుంచుటయే కూడనిది.

వేడిమి విషయము కొంచెము విస్తరించి చెప్పెదను, ఏలయన మన ఊళ్లలో బ్యాటరీలను చంపుచున్నది ముఖ్యముగా అదియే. ఘటమును వాడకుండ నుంచినను అది ముసలిదగుచునే యుండును. పరిశీలకులు చూపిన లెక్క యొకటి కలదు. నిండుగా నింపిన లిథియము ఘటమును 40 డిగ్రీల వేడిమిలో ఒక సంవత్సరముంచిన, దాని పట్టు సుమారు నూటికి 65కు దిగును. అదే ఘటమును సగముకన్న తక్కువగా నింపి, 25 డిగ్రీల చల్లదనములో ఉంచిన, నూటికి 96 నిలుచును. హైదరాబాదులో మే నెలలో నలుబది డిగ్రీలు అరుదు కాదు. ఇక కిటికీ అరుగు, ఆపివేసిన మోటారుకారు, దిండు అడుగు, వీటి సంగతి చెప్పవలెనా? పొడి ఘటమును ఎండలో పెట్టిన చేయి అలవాటుగా లిథియము ఘటమునుగూడ ఎండలో పెట్టును. పెట్టరాదు. ఛార్జి చేయునప్పుడు గట్టి బల్లపై, గాలి తగులుచోట ఉంచవలెను. రెండు మూడు నెలలు వాడబోమని తెలిసినప్పుడు సగము నింపి, గదిలో చల్లని మూలనుంచవలెను.

ఇక ఒకసారి నింపిన బ్యాటరీ ఎక్కువ గంటలు పాడుటెట్లు? దీనికి ఆ పిల్లవాడు నాకు మంచి ఉపకారము చేసినాడు. పాత ఘటమును మెల్లగా, లోహపు పనిముట్టు తగలనీయక, ఊడదీసి, ఇసుకయున్న డబ్బాలో వేసి మూలకు పెట్టినాడు. క్రొత్తది వేయుటకుముందు నా కోరికమీద తీగనడుమ మీటరు కలిపినాడు. నేను జేబులోని కాగితముమీద వ్రాసికొంటిని. చెవిగొట్టములతో, తెర ఆరియుండగా, 28 మిల్లీ ఆంపియరులు. తెర వెలిగినప్పుడు 75. తెర ఆరి, పెట్టెలోని బూర సన్నగా మ్రోగినప్పుడు 90. బూర పూర్తి శబ్దముతో మ్రోగినప్పుడు 190. క్రొత్త ఘటము పట్టు 600 మిల్లీ ఆంపియరు గంటలు. భాగించి చూడుడు: చెవిగొట్టములతో ఇరువదియొక్క గంటలు, సన్నని బూరతో ఆరున్నర గంటలు, పెద్ద బూరతో మూడు గంటలు. ఇవి ఆ యొక్క పెట్టె లెక్కలు. మీ పెట్టె లెక్కలు వేఱుగా నుండును, కాని వరుస మారదు.

తెర వెలుగుచుండిన, పాటకన్న వెలుగే హెచ్చు తినును. చూపులేని మా అక్కయ్య పెట్టెలో తెర ప్రతి పాటకును అరనిముసము వెలుగుచుండెను! ఎవరికోసము? దానిని ఆపివేయించితిని. మాటిమాటికి పాట మార్చుటవలన తెర మేలుకొనును. వరుసగా పాడనిచ్చుట మేలు. తీగలేని చెవిగొట్టములు వాడువారు, వాటిని తీసివేసిన పిమ్మట పెట్టెలోని ఆ ప్రసారమును ఆపుట మరువరాదు. స్వరములను హెచ్చుతగ్గులు చేయు సదుపాయముగూడ కొంత తినును. చక్రము తిరుగు పాత పెట్టెలలో పెద్ద దస్త్రములవలన ఖర్చు హెచ్చెడిది. ఇప్పటి పెట్టెలలో చక్రము లేదు గనుక ఆ చింత దాదాపు లేదు.

క్రొత్త ఘటము కొనువారికి ఒక మాట. ఆ గల్లీలోనే, అదే కొలతగల ఘటముపై రెండువేలని అచ్చువేసినవి చూచితిని. పది పండ్రెండు గ్రాముల లిథియము ఘటమున ఆరువందలు పట్టుట సహజము. రెండువేలు పట్టుననుట నమ్మదగినది కాదు. "రాసింది సార్, రాయనీకి ఏం పోతది" అని పిల్లవాడు నవ్వినాడు. అంకెనుగాక తూకమును, తయారైన తేదీని, రక్షణ పలకను చూచి కొనవలెను. ఏండ్ల తరబడి అలమరలో నున్న ఘటము క్రొత్తదైనను ముసలిదే. ఉబ్బిన దానిని గ్రుచ్చరాదు, నొక్కరాదు, చెత్తకుండీలో వేయరాదు. 2022వ సంవత్సరపు బ్యాటరీ వ్యర్థముల నిబంధనలప్రకారము పాతవాటిని సేకరించు భారము తయారుచేయువారిది. సేకరణస్థలమునకు చేర్చుట మన పని.

పిల్లవాడు పెట్టె మూత బిగించి, మీట నొక్కినాడు. అది పాడలేదు. మరల నొక్కినాడు. ఆ రెండు నిముసములు నేను గోడవైపు చూచుచు నిలుచుంటిని. మూడవసారి తెర వెలిగినది. ముందుగా పాటలన్నియు తన కంప్యూటరులోనికి దించి, అచ్చటినుండి నేను తీసికొనిపోయిన చిన్న పుల్లలోనికి ఎక్కించి యిచ్చినాడు. ఇప్పుడు మా అమ్మ పాటలు నలుగురి యిండ్లలో నున్నవి. పెట్టెకు చేసిన వైద్యముకన్న ఇది ముందే చేయవలసిన పని.

తప్పు నాదేయని ఆ సాయంకాలము అక్కయ్యతో ఒప్పుకొంటిని. ఆమె పెట్టెను రెండు చేతులతో తడిమి, మూత సమముగా నున్నదని తెలిసికొని, "అయితే ఇన్నాళ్లూ నువ్వు చెప్పిందే తప్పా?" అన్నది. అవునంటిని. ఇప్పుడామె రాత్రి తొమ్మిదింటికి సన్నని శబ్దముతో మొదలుపెట్టును. తెల్లవారుజామున మూడు గంటలు దాటువరకు పెట్టె పాడును. ఉదయము కాఫీ త్రాగునంతసేపును, మధ్యాహ్నము కొంతసేపును బల్లపై ఉంచి ఛార్జి చేయుదురు. అయినను ఆదివారమునాడు నాకు ఫోను తప్పదు.

"తమ్ముడూ, ఇవాళ ఆరిపోయేదాకా ఉంచనా?"

"వద్దు అక్కయ్యా."

"మళ్లీ మార్చవు కదా?"